తెరచాప వెనుక చేతులు: హుస్సేన్‌సాగర్ పడవ పందేల చరిత్ర

ఉత్తర తెలంగాణలో చెరువు లేని ఊరు అరుదు. అయినా ఆ చెరువుల మీద తెరచాప ఎత్తి పందెం కట్టే ఆచారం ఈ నేల మీద పుట్టలేదు. జమ్మికుంట, హుజూరాబాద్, వీణవంక ప్రాంతాల చెరువులకూ, వాటికి ఉత్తరాన పారే మానేరుకూ ప్రధానంగా తెలిసినవి చేపల వేటకు వాడే తెప్ప, నీరు దాటించే పుట్టి. పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున తోలో తారు పూసిన గుడ్డో కప్పిన పడవ. గాలిని తెరచాపలో పట్టి పడవ నడపడాన్ని పోటీగా, ఒక సంఘం ఏటేటా జరుపుకునే వేడుకగా మలచిన సంప్రదాయం తెలంగాణలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సికింద్రాబాద్ దండు నీడలో రూపుదిద్దుకుంది. ఆ సంప్రదాయాన్ని గెలిచిన పతకాల వరుసగా చెప్పడం వాడుక. పడవ ఎక్కకుండానే పందేన్ని నడిపించే వారి వైపు నుంచి దాన్ని చదివితే, ఒక చెరువు చుట్టూ జనం ఎలా కూడుకుంటారో, ఆ కూడికకు శ్రమ ఎవరు ఇస్తారో, ఏ షరతు మీద ఇస్తారో తెలుస్తుంది; ఈ వ్యాసం ఆ వైపు నుంచే సాగుతుంది.

హుస్సేన్‌సాగర్ పడవల కోసం కట్టిన చెరువు కాదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైన ఈ జలాశయానికి మూసీ నుంచి కాలువ ద్వారా నీరు చేరేది. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) అందుబాటులోకి వచ్చేదాకా అది తాగునీటికీ ఆధారమైంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాక కంపెనీ దండు చెరువుకు ఉత్తరాన దిగింది. ఆ విడిదికి 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అనే పేరు స్థిరపడగా, జనం నోట అది లష్కర్ అయింది. ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో 1720లో ఏర్పడిన జలక్రీడా సంఘంతో మొదలైందని చెప్పే యాట్ క్లబ్ సంప్రదాయం, బ్రిటిష్ అధికారులు వెళ్ళిన చోటికల్లా వారి వెంట వెళ్ళింది. బొంబాయిలో 1846లోనూ, మద్రాసులో 1911లోనూ అటువంటి క్లబ్బులు వెలిశాయి. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న సికింద్రాబాద్‌లో ఆ ఆటకు చెరువే కడలి అయింది. సైన్యాధికారుల కూడలిగా 1878లో మొదలైన సంస్థ తరువాత సికింద్రాబాద్ క్లబ్‌గా మారింది. సాగర్ ఒడ్డున దానికి ఉన్న సెయిలింగ్ విభాగం ఆ అలవాటుకు కొనసాగింపు. నీటి నడుమ ఉన్న బండకు జిబ్రాల్టర్ రాక్ అనే పేరుంది. 1992 నుంచి బుద్ధ విగ్రహం నిలిచి ఉన్నది ఆ బండ మీదనే.

యాట్ క్లబ్ నడిచే తీరులో రెండు రకాల శ్రమ ఉంటుంది. అధ్యక్షుడి స్థానంలో ఉండే కమోడోర్, కార్యదర్శి, పందేల అధికారి జీతం లేకుండా, సభ్యుడిగా తమ వంతు అని పని చేస్తారు. దీన్ని గౌరవ పదవి అంటారు. పడవలను నీటిలోకి దించేవారు, తాళ్ళు చుట్టేవారు, రంగు వేసేవారు జీతగాళ్ళు. వలసకాలపు క్లబ్బుల్లో చాలావాటికి భారతీయులను సభ్యులుగా చేర్చుకునే అలవాటు లేనందువల్ల, ఈ విభజన కాస్తా జాతి విభజనగానే నిలిచింది: సేవ అనే గౌరవం ఒకరికి, చాకిరీ మరొకరికి. స్వచ్ఛంద సంప్రదాయాన్ని మెచ్చుకునే రచనలు ఈ రెండో వరుసను వదిలేయడం న్యాయం కాదు.

స్వాతంత్ర్యం తరువాత హుస్సేన్‌సాగర్ సెయిలింగ్‌కు కొత్త ఆధారం సైన్యం నుంచే వచ్చింది. సైన్యంలోని వాహనాలు, ఆయుధాలు, యంత్రాలను బాగుచేసే దళం ఈఎంఈ 1943లో ఏర్పడింది. దాని శిక్షణ కేంద్రమూ కళాశాలా సికింద్రాబాద్‌లో ఉండడంతో, ఆ దళపు సెయిలింగ్ సంఘం సాగర్ ఒడ్డున వేళ్ళూనుకుంది. దేశంలో ఈ క్రీడను పర్యవేక్షించే యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1960లో ఏర్పడింది. 1980ల నుంచి హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో జరుగుతున్న పోటీలను ఈఎంఈ సెయిలింగ్ సంఘమూ, లేజర్ తరగతి పడవల సంఘమూ కలిసి నిర్వహిస్తూ వచ్చాయి. లేజర్ అంటే ఒక్కరే నడిపే, సుమారు 4.2 మీటర్ల పొడవున్న, ఒకే తెరచాప పడవ. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ 1970 ప్రాంతంలో దాని నమూనా గీశాడు, 1996 అట్లాంటా క్రీడల్లో అది ఒలింపిక్ పడవ అయింది, ఇప్పుడు దాన్ని ఇల్కా అని పిలుస్తున్నారు. అన్ని పడవలూ ఒకే కొలతలో ఉంటాయి గనుక ఖరీదైన పడవ కొన్నవాడికి అదనపు లాభం ఉండదు. నడిపేవాడి నేర్పుకే పోటీ. ఒకే నమూనా పడవలున్న చోట సిపాయి, అధికారి ఒకే గీత మీద నిలబడగలిగారు, ఇది చిన్న మార్పు కాదు.

ఇటువంటి వార్షిక పోటీని రెగట్టా అంటారు. ఒడ్డు నుంచి చూసేవారికి తెల్లని తెరచాపలే కనిపిస్తాయి గాని, ఒక్కో పందెం వెనుక ఉన్న ఏర్పాటు ఎంతో క్లిష్టమైనది. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురుపోలేదు. కొంత కుడికి, కొంత ఎడమకు ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ముందుకు సాగాలి. అందుకే మొదటి దూరం గాలికి ఎదురుగా ఉండేలా, బయలుదేరే గీత గాలికి అడ్డంగా ఉండేలా పందెపు దారిని గీయాలి. ఆ దారికి గుర్తులు నీటి మీద తేలే బుంగలు. గాలి దిక్కు మారిందంటే వాటిని లంగరుతో సహా లేపి మరో చోట దించాలి. ఆ పని చేసేవారు చిన్న మోటారు పడవలో రోజంతా ఎండకూ వానకూ ఉంటారు. బయలుదేరే గీతకు ఒక కొసన నిలిచే కమిటీ పడవలో పందేల అధికారి, గడియారం చూసేవారు, జెండాలు ఎత్తేవారు, గీత దాటిన పడవల నంబర్లు రాసేవారు కూర్చుంటారు. అయిదు నిమిషాల ముందు ఆ తరగతి జెండా, నాలుగు నిమిషాల ముందు సన్నద్ధపు జెండా ఎగురుతాయి; ఒక నిమిషం మిగిలి ఉండగా రెండోది దిగుతుంది, సమయం కాగానే మొదటిది దిగుతుంది, ప్రతి మార్పుకూ కూత వినిపిస్తుంది. ఎవరైనా గీతను ముందే దాటితే వారిని వెనక్కి పిలిచే జెండా వేరే ఉంది. గాలి పడిపోతే ఎరుపు తెలుపు చారల జెండా ఎత్తి, గాలి కోసం గంటల తరబడి ఎదురుచూస్తారు. బోల్తాపడిన పడవ చెంతకు చేరడానికి రక్షణ పడవలు చుట్టూ కాపు కాస్తాయి. సైన్యం పూనుకున్న పోటీల్లో ఈ పనుల్లో చాలావరకు సైనికుల విధిగా జరుగుతాయి. పౌర క్లబ్బుల్లో అవి సభ్యుల, తల్లిదండ్రుల, పోటీ వయసు దాటిన పాత క్రీడాకారుల చేతుల్లో ఉంటాయి.

ఈ క్రీడ నియమావళిలో సేవాధర్మం స్పష్టంగా రాసి ఉంది. ఆపదలో ఉన్న మనిషికో పడవకో పోటీదారుడు చేతనైనంత సాయం చేసి తీరాలన్నది దానిలోని మొట్టమొదటి నియమం. అలా సాయం చేస్తూ వెనకబడిన వాడు తనకు కలిగిన నష్టానికి పరిహారం కోరవచ్చు, తీర్పరులు అతని స్థానాన్ని సరిచేయవచ్చు. దారి హక్కు ఉన్న పడవకు అడ్డుపోయిన వాడు తన తప్పు తానే గుర్తించి, అక్కడే రెండు చుట్లు తిరిగి శిక్ష అనుభవించి మళ్ళీ పందెంలో కలుస్తాడు. ఈల వేసి ఆపే తీర్పరి ప్రతి పడవ పక్కనా ఉండడు. వివాదం తెగకపోతే సాయంత్రం ఒడ్డున విచారణ జరుగుతుంది. నీటి మీద జరిగేదాన్ని చివరికి మాట మీదనే నిలబెట్టిన ఈ పద్ధతి, పర్యవేక్షణకు మనుషులు చాలని చోట పుట్టిన నమ్మకమని భావించవచ్చు.

ఉత్తర తెలంగాణ చెరువుకూ తనదైన శ్రమ విభజన, తనదైన ఏడాది క్రమం ఉన్నాయి. తూము తెరిచి మూసి, ఆయకట్టుకు వంతులవారీగా నీరు పంచే నీరటికాడికి పంట కల్లాల దగ్గర మేర, అంటే ధాన్యపు వాటా, దక్కేది. చెరువు కట్టించినవారికి, గండి పూడ్చినవారికి ఆయకట్టులో కొంత భాగం పన్ను లేకుండా ఇచ్చే దశబంధం కాకతీయుల నాటి శాసనాల్లోనే కనిపిస్తుంది. మరోవైపు నిజాం పాలన చివరి దశాబ్దాల దాకా కూలి లేకుండా చేయించుకున్న వెట్టి ఉంది. చెరువు కట్ట మీద ఊరంతా కలిసి మట్టి మోసిందన్న మాట విన్నప్పుడు, అందులో ఎంత ఇష్టం, ఎంత మేర, ఎంత వెట్టి అని చరిత్రకారుడు విడదీసి చూడాలి. నిజంగా ఇష్టపూర్వకమైన సేవ మొక్కుల చుట్టూ కనిపిస్తుంది: కట్ట మైసమ్మకు బోనం, అలుగు పారిన ఏడాది గంగమ్మకు పసుపు కుంకుమలు, చీరె సారెలు, బతుకమ్మ నాటికి కట్ట దారిలో ముళ్ళకంపలు నరికి శుభ్రం చేయడం. వీటికి లెక్కా పత్రమూ ఉండవు, చేసినవారి పేర్లూ మిగలవు.

ఈ రెండు లోకాలూ లష్కర్‌లో ఒకే నెలలో కలుస్తాయి. హుస్సేన్‌సాగర్ పోటీలు సాధారణంగా జూలైలో జరగడానికి కారణం గాలి: నైరుతి రుతుపవనం దక్కను మీద బలపడే ఆ రోజుల్లో పడమటి దిక్కు నుంచి వీచే గాలి వేగంగా, నిలకడగా ఉంటుంది. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి ఆషాఢ బోనాలు జరిగేదీ దాదాపు ఆ రోజుల్లోనే. స్థల కథనం ప్రకారం 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య, వ్యాధి తగ్గితే సొంత ఊరిలో గుడి కడతానని మొక్కుకుని, తిరిగి వచ్చాక అమ్మవారిని ప్రతిష్ఠించాడు. ఒకే దండులో పల్లకి మోసిన వ్యక్తి మొక్కు జనమంతా పాల్గొనే ఉత్సవం అయింది. అధికారులు తెచ్చిన ఆట నూరేళ్ళకు పైగా కొద్దిమందిదిగానే మిగిలింది.

ఆటను కొద్దిమందికే పరిమితం చేసిన ఆ గీత చెరగడం 2009లో సుహేం షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌తో బలంగా మొదలైంది. ఈ పౌర సంస్థ పేద కుటుంబాల పిల్లలకు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు సెయిలింగ్ నేర్పడాన్ని తన ప్రధాన పనిగా పెట్టుకుంది. ఏటా మాన్‌సూన్ రెగట్టా నిర్వహిస్తూ వచ్చింది. పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్: అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో తక్కువ ఖర్చుతో చేయడానికి వీలుగా రూపొందించిన, సుమారు 2.3 మీటర్ల పొడవున్న, మొద్దు ముక్కు పడవ. పదిహేనేళ్ళు దాటితే ఆ తరగతిలో పోటీకి అర్హత ఉండదు. పెద్ద పడవలకు మారినవారు చిన్నవారికి ముడులు వేయడం, బోల్తాపడిన పడవను నిలబెట్టడం నేర్పుతూ ఉండడం ఇటువంటి క్లబ్బుల ఆచారం. సాగర్ నీటిలో ఎదిగిన ప్రీతి కొంగర, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 470 తరగతి పడవల మిశ్రమ విభాగంలో దేశం తరఫున పోటీపడింది. జీతగాడి వరుసలో తప్ప ఒకప్పుడు క్లబ్ గేటు దాటడానికి వీలులేని కుటుంబాల పిల్లలు నేర్చుకునేవారుగా, నేర్పేవారుగా నిలబడడం ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం.

నీటి పరిస్థితి మాత్రం ఈ ఎదుగుదలకు తగినట్టు లేదు. కూకట్‌పల్లి నాలా ద్వారా దశాబ్దాలుగా పరిశ్రమల వ్యర్థాలూ మురుగూ సాగర్‌లో చేరాయి. 1980 ప్రాంతం నుంచి పెద్ద ఎత్తున సాగుతున్న వినాయక నిమజ్జనంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల విషయం 2021లో హైకోర్టు ఆంక్షల దాకా వెళ్ళింది. బోల్తాపడడం పాఠంలో భాగమైన ఆటను పిల్లలకు ఆ నీటిలో నేర్పవలసి రావడం బాధాకరం.

కరీంనగర్ దగ్గర 1970ల, 80ల నడుమ కట్టిన దిగువ మానేరు జలాశయం దాదాపు 24 టీఎంసీల సామర్థ్యంతో హుస్సేన్‌సాగర్ కంటే ఎంతో విశాలమైనది. హుజూరాబాద్ వైపు సాగే కాకతీయ కాలువ అక్కడి నుంచే ముందుకు వెళ్తుంది. జమ్మికుంట పిల్లలకు లష్కర్ కంటే ఆ నీరే దగ్గర. అక్కడ ఏ రోజు ఏ వైపు గాలి లేస్తుందో, ఎక్కడ అడుగున బండలున్నాయో ఎరిగినవారు తెప్పల మీద వల వేసే బెస్త, ముదిరాజ్ కుటుంబాలవారు. ఆ నీటి మీద ఎప్పుడైనా బుంగలు దించి పందెపు దారి గీయవలసి వస్తే, రక్షణ పడవ పగ్గాలూ కమిటీ పడవలో కుర్చీలూ వారికి కూలి పనిగా కాక సభ్యత్వంగా దక్కాలి. సికింద్రాబాద్‌లో ఆ మార్పుకు నూరేళ్ళకు మించి పట్టింది.