డీజిల్ పికప్ ట్రక్కునందు ఇంధన పీడన లోపము

1998 నడుమనుండి 2002 వఱకు అమెరికాలో డాడ్జ్ రామ్ పికప్ ట్రక్కులకు అమర్చిన 5.9 లీటర్ల, 24 వాల్వుల కమిన్స్ ఇంజనునందు, ట్యాంకునుండి డీజిలును లాగి ఫిల్టరు గుండ బాష్ వీపీ44 ఇంజెక్షన్ పంపునకు అందించు చిన్న విద్యుత్ పంపు, అనగా లిఫ్ట్ పంపు, బలహీనమైనపుడు తఱచుగ ఏర్పడు దోషమిది. వీపీ44 తన కదలు భాగములకు వలయు కందెనను, చల్లదనమును ప్రవహించు డీజిలునుండియే పొందును గాన, డీజిలు చాలినంత అందనపుడు బండి ఎప్పటివలె నడచుచున్నట్లు తోచినను లోపల అరుగుదల సాగుచునే యుండును. అట్టి బండికి ఇంధన పీడనమును జూపు గేజి కర్మాగారమునుండి రాకపోవుట మిక్కిలి విచారింపదగిన లోటు. పీ0216 అను దోషసంకేతము కనబడునప్పటికి ఇంజెక్షన్ పంపు చాలవఱకు చెడియే యుండును.

పరీక్షకై ఫిల్టరు తరువాత, ఇంజెక్షన్ పంపునకు ముందు, గేజిని బిగింపవలెను. స్టార్టరును క్షణకాలము త్రిప్పి, ఇంజను అందుకొనకముందే తాళపుచెవిని వదలినచో లిఫ్ట్ పంపు సుమారు 25 సెకండ్లు తనంతట తానే తిరుగును. ఆ పంపు తిరుగు సద్దు వినబడనిచో ఫ్యూజు, రిలే, వైర్లు మొదట చూడవలెను. ఐడిలింగులో పీడనము చదరపు అంగుళమునకు 10 పౌన్లకు తగ్గరాదు. అయినను నిలిపిన బండిలో సరిగానున్న పీడనము బరువుతో మిట్ట నెక్కునపుడు పడిపోవచ్చును గనుక, గేజిని చూచుచు నడిపి చూచుటయే నిజమైన పరీక్ష.

ఫిల్టరునకు ముందు, వెనుక పీడనములలో 5 పౌన్లకు మించిన భేదమున్నచో ఫిల్టరు పూడినదని యెఱుంగునది. రెండుచోట్లను తక్కువైనచో, లిఫ్ట్ పంపునకు వేఱొక డబ్బానుండి గొట్టముతో డీజిలు నందింపవలెను: పీడనము కోలుకొన్నచో దోషము ట్యాంకులోనో, గాలి పీల్చుచున్న పైపులోనో కలదు, కోలుకొననిచో పంపునే మార్చవలెను. పిమ్మటి కాలమున ఈ పంపును ట్యాంకులోపల అమర్చు మరమ్మతు పద్ధతియు వచ్చినది.