కంకిపాడు ప్రాంతం: రవాణా ప్రణాళికలో పట్టణ, గ్రామీణ విభజన

ఒక ప్రాంతాన్ని పట్టణంగా లెక్కించారా, గ్రామంగా లెక్కించారా అన్నదాన్ని బట్టి అక్కడి రోడ్డు వెడల్పు, వాహనాల వేగం, నిధులిచ్చే పథకం మారతాయి. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే బందరు రోడ్డు మీద ఉన్న మండల కేంద్రం కంకిపాడు. ఈ విభజన ఎప్పుడెప్పుడు ఎలా మారిందో చూడడానికి ఇది అనువైన చోటు.

కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా రాకపోకల్లో చాలా భాగం కాలువల్లో పడవల మీదే సాగింది. బెజవాడ (నేటి విజయవాడ) 1888లో పురపాలక సంఘమైంది. తర్వాత వచ్చిన బెజవాడ–మచిలీపట్నం రైలుమార్గం గుడివాడ మీదుగా వెళ్లడంతో కంకిపాడుకు రోడ్డే దిక్కయింది.

రోడ్లను వర్గీకరించే ఆలోచనకు గట్టి పునాది 1943లో నాగపూర్‌లో జరిగిన చీఫ్ ఇంజనీర్ల సమావేశంలో పడింది. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అనే అయిదు తరగతులు అప్పటివే. వ్యవసాయం బాగా సాగే ప్రాంతాల్లో ఏ ఊరూ ప్రధాన రోడ్డుకు 5 మైళ్లకు మించి దూరంలో ఉండరాదన్నది ఆ ప్రణాళిక ఆశయం. యుద్ధకాలంలో రూపొందిన పత్రానికి అది మెచ్చదగిన దూరదృష్టి. అయితే నగర వీధులకు ఈ అయిదింటిలో చోటు లేదు.

ఏది పట్టణం అన్న ప్రశ్నకు 1951 జనగణన దాకా జవాబు చాలావరకు ఆయా రాష్ట్రాల సూపరింటెండెంట్ల విచక్షణ మీద ఆధారపడింది. 1961లో దేశమంతటికీ ఒకే కొలత వచ్చింది: కనీసం 5,000 జనాభా, పనిచేసే మగవారిలో 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉండడం, చదరపు మైలుకు 1,000 మంది సాంద్రత. నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడవాళ్లు ఈ లెక్కలోకి రానే రారు. చేపలవేట, పశుపోషణ, తోటల పని 1961, 1971 గణనల్లో వ్యవసాయేతరాలు. 1981 నుంచి వాటిని సేద్యం పక్కన చేర్చారు. 1971లో పట్టణ సముదాయం అనే భావన రావడంతో నగరం దాని హద్దు దాటి పెరిగిన భాగాన్ని కలిపి చూడడం మొదలైంది.

ఇంజనీర్ల పుస్తకాల్లో పట్టణానికీ పల్లెకూ మధ్య ఈ గీత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1980లో గ్రామీణ రహదారులకు, 1983లో పట్టణ రోడ్లకు వేర్వేరు నియమావళులు ప్రచురించింది. అప్పటి నియమాల ప్రకారం మైదానంలోని జాతీయ రహదారికి ఊరి బయట సాధారణంగా 45 మీటర్ల స్థలం కావలసి వచ్చేది; ఇళ్లు కట్టుకున్న చోట 30 మీటర్లు సరిపోయేవి. 1990లో సామర్థ్యం లెక్కలు కూడా రెండుగా చీలాయి. గ్రామీణ రోడ్డుకు రోజు లెక్క, పట్టణ రోడ్డుకు గంట లెక్క. కారును ఒకటిగా తీసుకుంటే పల్లె లెక్కలో మోటారు సైకిల్ అర, ఆటో ఒకటి. పట్టణ లెక్కలో, మొత్తం వాహనాల్లో వాటి వాటా పదో వంతుకు చేరితే, మోటారు సైకిల్ ముప్పావు, ఆటో రెండు. కంకిపాడు సెంటర్లో ఆగిన ఆటో ఏ లెక్కకు వస్తుందో సర్వే చేసేవారు ముందుగా నిర్ణయించుకోవలసిందే. ఉయ్యూరు చక్కెర మిల్లుకు వెళ్లే చెరకు ట్రాక్టర్లూ ఈ దారిన సాగేవి. గ్రామీణ లెక్కలో ట్రక్కుకు మూడు, ట్రెయిలర్ తగిలించిన ట్రాక్టర్‌కు నాలుగున్నర, పెద్ద ఎడ్లబండికి ఎనిమిది.

ప్రణాళికా సంస్థలు మాత్రం ఈ గీతను పెద్దగా లెక్కచేయలేదు. 1978లో ఏర్పడిన విజయవాడ–గుంటూరు–తెనాలి–మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ ఊళ్లనూ పట్టణాలనూ ఒకే పరిధిలోకి తెచ్చింది. 2014 డిసెంబరులో దాని స్థానంలోకి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దీనికి భిన్నం: మైదానాల్లో 500 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు ఇస్తుంది గానీ పట్టణ రోడ్లను ముట్టుకోదు.

2001లో దేశంలో 1,362గా ఉన్న జనగణన పట్టణాలు 2011 కల్లా 3,894 అయ్యాయి. పంచాయతీ పాలనలోనే ఉంటూ పట్టణ లక్షణాలు సంతరించుకున్న ఊళ్లివి. బందరు రోడ్డు వెంట కానూరు, తాడిగడప, పోరంకి ఈ కోవకే చెందాయి. దశాబ్దం తిరిగేసరికి యనమలకుదురుతో కలిసి పురపాలక సంఘమయ్యాయి. 2015 నాటి విజయవాడ మెట్రో రైలు నివేదికలో ఈ వైపు మార్గం పెనమలూరు దగ్గరే, కంకిపాడు చేరకముందే ఆగింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు కేంద్రమైంది. పెనమలూరు, కంకిపాడు మండలాలు మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే మిగిలాయి.