మార్లవాయిలో జవాబు దొరికింది: దరఖాస్తులు, కొలువులు, మన 80 ఏండ్ల కథ

పోస్టు జర పొడుగున్నది, ఓపికతోటి చదవుండ్రి. తప్పులుంటే పెద్దలు కామెంట్ల చెప్పుండ్రి, సరిచేసుకుంట.

నేను కరీంనగర్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ మొఖం చూసింది నేనే మొదలు. సంక్రాంతి నుంచి ఇప్పటిదాక 23 చోట్లకు బయోడేటా పంపిన. ప్రైవేటు స్కూళ్లు, ఒక షోరూం, రెండు మూడు కంపెనీలు. ఒక స్కూల్‌కు స్వయంగా పోయి డెమో క్లాసు కూడా చెప్పిన. "ఫోన్ చేస్తం" అన్నరు. చెయ్యలే. మళ్ల నేను చేస్తే ఎత్తలే.

పండుగకు ఇంటికి పోయినప్పుడు మా తాత అడిగిండు, "వద్దన్నరా బిడ్డా?" అని. వద్దని కూడ అనలే తాతా, ఏమీ అనలే అన్న. తాత కొంచెంసేపు ఊకున్నడు. "మా కాలం నుంచి గంతే. మన కాగితం పోతది, జవాబు రాదు" అన్నడు. ఆ మాట మనసుల పడ్డది. మన చరిత్రల మన కాగితానికి జవాబు ఎప్పుడన్నా వచ్చిందా అని వెతికిన. ఒకసారి వచ్చింది. అది చెప్దామనే ఈ పోస్టు.

మొదలు జవాబు రాని కథ. కుమ్రం భీం తుపాకి పట్టిండని అందరికి తెలుసు. దానికంటే ముందు ఏం చేసిండో తక్కువ మంది మాట్లాడుతరు. పోడు కొట్టుకున్న భూములకు పట్టా ఇయ్యాలె, జంగ్లాత్ వాళ్ల జులుం ఆపాలె అని ఆఫీసుల చుట్టూ తిరిగిండు, అర్జీలు పెట్టిండు. నిజాంను కలుద్దామని హైదరాబాద్ దాక పోయిండని, లోపలికి పోనియ్యలేదని మన పెద్దలు చెప్తరు. 1940ల జోడేఘాట్‌ల ఏమైందో మనం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు యాదిచేసుకుంటున్నం. జల్, జంగల్, జమీన్ మాట అందరి నోట్ల ఉన్నది. ఆ లడాయి వెనుక జవాబు లేని అర్జీలు కూడా ఉన్నయని మర్చిపోవద్దు.

ఇంతమంది ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవాలని జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారుకు అనిపించింది. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1941ల ఆదిలాబాద్ గోండుల మధ్యకు వచ్చిండు. ఇప్పటి జైనూర్ మండలం మార్లవాయిల, భార్య బెట్టీ ఎలిజబెత్‌తోటి కలిసి గుడిసె వేసుకొని ఉన్నడు. మన భాష నేర్చుకున్నడు. భూములు పోతున్న తీరు రాసి సర్కారుకు పంపిండు. చదువు లేకపోతే పట్టా ఇచ్చినా అది చేతుల నిలువదని ఆయనకు అర్థమైంది. 1943ల మార్లవాయిల గోండు పంతుళ్లకు ట్రైనింగ్ సెంటర్ మొదలైంది.

ఇక్కడ జర ఆగి చూడుండ్రి. అప్పుడు మనోళ్లల్ల చదువు వచ్చినోళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఇప్పటి పద్ధతి అయితే ఏమంటరు? "అర్హులైన అభ్యర్థులు దొరకలేదు" అని రాసి ఫైలు మూస్తరు. మార్లవాయిల అట్ల చెయ్యలే. మరాఠీ కొంచెం చదవొచ్చిన కొద్దిమంది గోండు యువకులను తీసుకొని వాళ్లకే నేర్పిన్రు. గోండిలనే వాచకాలు తయారుచేసిన్రు, మనోళ్లకు అలవాటున్న దేవనాగరి లిపిల. ట్రైనింగ్ అయినోళ్లను మన గూడేలల్ల పెట్టిన బడులకే పంతుళ్లుగా పంపిన్రు. కొందరు తర్వాత వేరే సర్కారు కొలువులల్లకు కూడా పోయిన్రు.

అంటే బడి, ట్రైనింగ్, కొలువు మూడూ ఒక్క తొవ్వ మీద ఉన్నయి. చదువుకున్నోడు బయటికి వచ్చి దరఖాస్తు పట్టుకొని ఎవరి గేటు ముందట నిలబడే అవసరం రాలే. నాకు దొరికిన జవాబు గదే. భీం అర్జీలకు రాని జవాబు, ఆయన చచ్చిపోయినంక మూడేండ్లకు మార్లవాయి రూపంల వచ్చింది. ఎంత కిమ్మతు కట్టి తెచ్చుకున్నమో చూడుండ్రి.

1948 తర్వాత సర్కారు మారింది, గోండి వాచకాలు పక్కకు పోయినయి. బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న చనిపోతే మార్లవాయిలనే సమాధి చేసిన్రు. ఇప్పటికీ ఆ రోజు మనోళ్లు అక్కడికి పోతరు.

తర్వాత ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీల కాలం. 1959ల చట్టం వచ్చింది. సర్కారు సంస్థలు, కొంచెం పెద్ద ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎక్స్చేంజీకి తెలుపాలె. అయితే అక్కడ పేరున్నోళ్లనే తీసుకోవాలని చట్టంల లేదు. తెలుపుడు తప్పనిసరి, తీసుకునుడు వాళ్ల ఇష్టం. కార్డు రెన్యువల్ చేయించుకుంట చేయించుకుంటనే వయసు దాటిపోయినోళ్లు మన ఊర్లల్ల ఎందరో.

మార్లవాయి తొవ్వకు దగ్గరగా మళ్ల వచ్చింది జీవో నంబర్ 3. అంతకుముందు 1986ల 275 జీవో వచ్చింది, అది కోర్టు కేసులల్ల నిలువలే. 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చిన్రు. షెడ్యూల్డ్ ఏరియా బడులల్ల టీచర్ పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అని దాని సారం. మన ఏజెన్సీ ఊర్లల్ల ఇయ్యాల కనబడే ఎందరో ఆదివాసీ సార్లు, టీచరమ్మలు దాంతోటి వచ్చినోళ్లే. నాకు మూడో తరగతిల లెక్కలు గోండిల విడమర్చి చెప్పిన సారు కూడా గట్ల వచ్చినాయనే.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. 100 శాతం ఇస్తే మిగిలినోళ్లకు అవకాశమే ఉండదు, 1992 ఇంద్ర సాహ్ని తీర్పుల చెప్పిన 50 శాతం హద్దు దాటొద్దు, ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఉన్న అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోదు అన్నరు. అప్పటికే కొలువులల్ల ఉన్నోళ్లను మాత్రం తీసెయ్యలే. కోర్టు చెప్పిన కారణం కారణం కాదని నేను అనను. బడికి వచ్చే పిల్లకు సారు మాట అర్థం కావాలె గదా అన్న మన ప్రశ్న మాత్రం అట్లనే మిగిలింది. లాక్‌డౌన్‌ల టెన్త్ పరీక్షలు మధ్యల ఆగిపోయి నేను ఇంటికాడ ఉన్న రోజులవి. నా వయసంత కాలం బతికిన జీవో పోయిందని అప్పుడు నాకు తెల్వనే తెల్వదు.

ఆ తర్వాత ఎదురుచూపు. 2017 టీఆర్టీ అయినంక మళ్ల నోటిఫికేషన్ 2023 సెప్టెంబర్‌ల, 5,089 పోస్టులు. అది రద్దయి 2024 ఫిబ్రవరిల 11,062 పోస్టులకు ఇచ్చిన్రు. మధ్యల ఆరేండ్లు. ఆ ఆరేండ్లు బీఈడీ, డీఈడీ చేసిన మన అన్నలు, అక్కలు పత్తి ఏరుకుంట, కూలికి పోవుకుంట ఎదురుచూసిన్రు.

ఇదంత ఎందుకు రాసిన్నంటే, ఫోన్ రాకపోతే మనం మొదలు మననే తిట్టుకుంటం. నా ఇంగ్లీషు మంచిగలేదు, నా ఊరి పేరు చూసి పక్కకు పెట్టిన్రు కావచ్చు అని రాత్రంత ఆలోచిస్తం. నేను గట్లనే చేసిన. 1943ల మనోళ్లకు ఉన్నది మనకంటే తక్కువ చదువే. అయినా పంతుళ్లు అయిన్రు, ఎందుకంటే వాళ్ల కోసం తొవ్వ వేసినోళ్లు ఉన్నరు.

చేతుల ఉన్నది చేద్దాం. సర్కారు ఆఫీసుల పెట్టిన దరఖాస్తు ఏమైందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగొచ్చు, 30 రోజులల్ల చెప్పాలె. ప్రైవేటోళ్లను గట్ల అడిగే వీలు లేదు. కనీసం ఎవరు ఎక్కడ పెట్టిన్రో, ఎన్ని రోజులాయెనో ఒక నోట్‌బుక్‌ల రాసుకుందాం, జవాబిచ్చే జాగా దొరికితే ఈ గ్రూపుల చెప్పుకుందాం. జీవో 3 కు బదులు ఏం చేస్తరని అడుగుడు కూడా ఆపొద్దు.

మీ ఇండ్లల్ల మార్లవాయిల ట్రైనింగ్ అయిన తాతలు ఉంటే వాళ్ల సంగతులు కింద రాయుండ్రి. 24వ బయోడేటా రేపు పంపుతున్న.

జై సేవా. జై కుమ్రం భీం.