బోర్డో వైన్: ఒకే బాటిల్.. ఒకరికి అద్భుతం, ఇంకొకరికి వేస్ట్! పాత వైన్‌పై ఈ గొడవేంటి?

పాతికేళ్లు దాచిన బోర్డో రెడ్ వైన్ బాటిల్ ఓపెన్ చేస్తే.. నలుగురు ఫ్రెండ్స్‌లో ఒకరు సూపర్ అంటారు. ఇంకొకరు పలచగా, పుల్లగా ఉందని పెదవి విరుస్తారు. వైన్ ప్రియులు కలిసి కూర్చుంటే ఈ వాదన మామూలే. అసలు ఇందులో ఎవరు కరెక్ట్? దీనికి జవాబు తెలియాలంటే బోర్డోలో రెండు తేడాలు తెలుసుకోవాలి. ఒకటి నేల, రెండోది తయారీ స్టైల్.

ఒడ్డు మారితే రుచి మారుతుంది

ఫ్రాన్స్ నైరుతి భాగంలో ఉంది బోర్డో. గారోన్, డోర్డోన్ నదులు ఇక్కడ కలిసి, జిరోండ్ పేరుతో అట్లాంటిక్ సముద్రంలోకి వెళ్తాయి. ఎడమ ఒడ్డున ఉన్న మెడాక్‌లో గులకరాళ్ల నేలలు ఎక్కువ. కాబర్నే సావిన్యాన్ ద్రాక్షదే పైచేయి. 1855లో ర్యాంకులు ఇచ్చిన రెడ్ వైన్ ఎస్టేట్లలో ఓ బ్రియాన్ ఒక్కటి తప్ప అన్నీ మెడాక్‌వే. కుడి ఒడ్డున సెంట్ ఎమిలియన్, పోమెరోల్ ఉన్నాయి. ఇక్కడ మెర్లో ద్రాక్ష ఎక్కువ. కాబర్నే వైన్ కొత్తలో బిగుసుగా, వగరుగా ఉంటుంది. మెర్లో వైన్ కాస్త మెత్తగా, త్వరగా తాగడానికి వీలుగా ఉంటుంది.

దాచితే ఏమవుతుంది?

ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చే వగరు తెలుసు కదా. రెడ్ వైన్‌లో ఆ పని చేసేది టానిన్. ద్రాక్ష తొక్క, గింజల నుంచి ఇది వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి మడ్డిగా అడుగుకు చేరతాయి. అందుకే వగరు తగ్గుతుంది. ఊదా ఎరుపు రంగు కాస్తా ఇటుక రంగులోకి మారుతుంది. పండ్ల వాసన తగ్గి పొగాకు, తోలు, పుట్టగొడుగు, తడి మట్టి లాంటి వాసనలు వస్తాయి. కొందరికి ఇదే ఇష్టం. పండు రుచి కోరుకునేవాళ్లకు మాత్రం అదే వైన్ 'అయిపోయింది' అనిపిస్తుంది.

మార్కులు తెచ్చిన మార్పు

అమెరికా క్రిటిక్ రాబర్ట్ పార్కర్ 1978లో సొంతంగా వైన్ పత్రిక మొదలుపెట్టారు. వైన్‌కు 100 మార్కుల లెక్కలో స్కోర్ ఇచ్చేవారు. 1982 బోర్డోను గట్టిగా మెచ్చుకోవడంతో ఆయన పేరు మార్మోగింది. తర్వాత ఆయన స్కోర్‌తో పాటే ధరలూ కదిలేవి. చిక్కగా, బాగా పండిన ద్రాక్ష రుచితో ఉండే వైన్లకు మంచి మార్కులు రావడంతో చాలామంది దారి మార్చారు. ద్రాక్షను ఆలస్యంగా కోయడం, కొత్త ఓక్ పీపాలు ఎక్కువగా వాడటం పెరిగింది. దీనికి ఎండలు కూడా తోడయ్యాయి. ఒకప్పుడు 12 శాతం దగ్గర ఉండే ఆల్కహాల్ ఇప్పుడు చాలా బాటిళ్లలో 14 దాకా వచ్చింది.

రచ్చకెక్కిన 2003 పావీ

ఈ గొడవ 2004లో బహిరంగమైంది. 2003లో యూరప్‌ను వడగాలులు కుదిపేశాయి. ఆ ఏటి సెంట్ ఎమిలియన్ వైన్ షాటో పావీని పార్కర్ ఆకాశానికెత్తేశారు. బ్రిటన్ క్రిటిక్ జాన్సిస్ రాబిన్సన్ మాత్రం 20కి 12 మార్కులే ఇచ్చారు. బోర్డో ఇలా ఉండకూడదన్నది ఆమె వాదన. ఇద్దరి మధ్యా మాటలు పెరిగాయి. 2012లో పావీకి సెంట్ ఎమిలియన్‌లో టాప్ ర్యాంక్ దక్కింది. అయినా రెండు వర్గాలూ వెనక్కి తగ్గలేదు.

ఫ్రెండ్స్‌తో రుచి చూస్తే..

* బాటిల్‌ను ముందురోజే నిలబెట్టాలి. మడ్డి అడుగుకు దిగుతుంది.
* మరీ పాత వైన్‌ను గంటల ముందే వేరే పాత్రలోకి ఒంపొద్దు. గాలి తగిలితే సువాసన త్వరగా పోతుంది.
* లేబుల్ కనిపించకుండా బట్ట చుట్టాలి. పేరు, ధర తెలిస్తే నాలుక కూడా మాట మార్చేస్తుంది.
* ఎవరికి వారు ముందు రాసుకుని, తర్వాతే మాట్లాడుకోవాలి. గట్టిగా మాట్లాడేవాళ్ల అభిప్రాయమే అందరిదీ కాకుండా ఉంటుంది.
* ఎక్కడ దాచారో అడగాలి. 12, 13 డిగ్రీల చల్లని చీకటి గదిలో ఉన్న బాటిల్, 40 డిగ్రీల ఎండాకాలం చూసిన బాటిల్ ఒకటి కావు. స్టైల్ నచ్చలేదని తిట్టేముందు బాటిల్ పాడైందేమో చూసుకోవాలి.

పాత బోర్డోలో అసలు రిస్క్ ఇదే. తొందరపడి తెరిస్తే వగరు, మరీ ఆగితే రుచి ఉండదు. ఆ ఏడాది వైన్ మళ్లీ తయారుకాదు. తెరిచిన ప్రతి బాటిల్‌తో లోకంలో ఒకటి తగ్గిపోతుంది.

గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఈ కథనం సమాచారం కోసం మాత్రమే.