గ్యాలనులు రెండెందుకు?

అమెరికా గ్యాలనుకు 3.785 లీటర్లు, బ్రిటిషు గ్యాలనుకు 4.546 లీటర్లు. ఇంగ్లండులో పుట్టిన ఒకే పేరుగల కొలత ఇట్లు రెండుగా చీలుటకు కారణము ఒక పన్ను తగాదాలో ఉన్నది.

పదునేడవ శతాబ్ది చివర ఇంగ్లండులో ద్రాక్షసారాకు ఒక గ్యాలను, బీరుకు 282 ఘనపుటంగుళముల మరియొక గ్యాలను వాడుకలో ఉండెడివి. 1700 ప్రాంతమున ద్రాక్షసారా దిగుమతి చేసికొన్న వర్తకుడొకడు పెద్ద గ్యాలను లెక్కన సుంకము చెల్లించినాడు. గ్యాలను పెద్దదైనచో వాటి సంఖ్య తగ్గును, దానితో సుంకమును తగ్గును గదా! ప్రభుత్వము దావా వేసినది. కాని సుంకాధికారులు వాడుచున్న చిన్న గ్యాలనుకు చట్టములో ఆధారము చూపలేక దానిని విడిచిపెట్టవలసి వచ్చినది.

ఖజానాకు తగిలిన ఆ దెబ్బ వలన 1707లో పార్లమెంటు ద్రాక్షసారా గ్యాలనును నిర్ణయించినది. 7 అంగుళముల వ్యాసము, 6 అంగుళముల లోతుగల స్థూపాకార పాత్ర పట్టునంత, లేక 231 ఘనపుటంగుళములు. విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును: 22/7 × 7/2 × 7/2 × 6 = 231. π విలువను మరింత సూక్ష్మముగా తీసికొన్నచో 230.9 మాత్రమే వచ్చును. శాసనకర్తలకు 22/7 చాలినది!

అమెరికా వలసలలోనూ ఈ గ్యాలనే వ్యాపించి, స్వాతంత్ర్యానంతరము కూడ నిలిచినది. మారినది ఇంగ్లండే. 1824లో బ్రిటను పాత గ్యాలనులన్నిటిని రద్దుచేసి, 62 డిగ్రీల ఫారన్‌హైటు వద్ద 10 పౌనుల నీరు ఆక్రమించు ఘనపరిమాణమును కొత్త గ్యాలనుగా స్థిరపరచినది. 1832లో అమెరికా ఖజానా శాఖ మాత్రము పాత 231 ఘనపుటంగుళములనే ప్రమాణముగా గైకొన్నది. మన దేశములో మెట్రిక్ పద్ధతి రాకముందు పెట్రోలు కొలిచినది బ్రిటిషు గ్యాలనుతోనే. కనుక పాత పుస్తకములోని గ్యాలనును లీటర్లలోనికి మార్చుటకు ముందు అది ఏ దేశపుదో చూడవలెను. పొరబడినచో తేడా స్వల్పము కాదు: ఆరు అమెరికా గ్యాలనులు రమారమి ఐదు బ్రిటిషు గ్యాలనులకు సమానము.

ద్రవపు ఔన్సు దగ్గర విషయము తలక్రిందులగును. బ్రిటిషు గ్యాలనులో 160 ఔన్సులు, అమెరికా గ్యాలనులో 128 మాత్రమే. అందుచేత అమెరికా గ్యాలను చిన్నదైనను దాని ఔన్సు 29.57 మిల్లీలీటర్లు, బ్రిటిషు ఔన్సు 28.41 మాత్రమే.

లీటరు కూడ కదలకుండ నిలువలేదు. 1901లో దానిని ఒక కిలోగ్రాము నీటి ఘనపరిమాణముగా నిర్వచించగా, అది 1000 ఘన సెంటీమీటర్లకన్న 0.028 ఘన సెంటీమీటరు ఎక్కువని తేలినది. 1964లో సరిగా 1000కి తిరిగి తెచ్చినారు. అంగుళమును 1959లో 2.54 సెంటీమీటర్లుగా నిర్ణయించి యుండుటచే ఇప్పుడు అమెరికా గ్యాలను ఖచ్చితముగా 3.785411784 లీటర్లు. పాత పట్టికలలో 3.7853 అనియు, కొత్తవాటిలో 3.7854 అనియు కనబడినచో అది అచ్చుతప్పు కాదు.