జేఆమ్‌రి మందిరం: హతసాక్ష్యం, క్షమాపణ – ఒక చారిత్రక పరిశీలన

కొరియా సంఘం అనగానే మన పాస్టర్లకు వెంటనే గుర్తుకు వచ్చేవి తెల్లవారుజాము ప్రార్థనలు, ప్రార్థన పర్వతాలు, లక్షలమంది సభ్యులున్న సియోల్ నగర సంఘాలు. 1907లో ప్యోంగ్యాంగ్‌లో వచ్చిన ఉజ్జీవం గురించి మన కూటాలలో వినని సంవత్సరం ఉండదు. అయితే ఆ ఉజ్జీవం చూసిన విశ్వాసులే పన్నెండేళ్ల తరువాత వీధుల్లోకి వచ్చి స్వాతంత్ర్యం కోరారనీ, అందుకు వారి మందిరాలు కాలిపోయాయనీ మనం అరుదుగా చెప్పుకుంటాము. ఈ లోటును మేము గ్రహించినది గ్రంథాలయంలో కాదు, సియోల్‌కు దక్షిణంగా ఉన్న జేఆమ్‌రి అనే చిన్న గ్రామంలో.

సియోల్ నుండి రైలులో సువోన్ చేరి, అక్కడనుండి నైరుతి దిక్కుగా రోడ్డు మీద వెళ్ళాము. ఆ ప్రాంతం ఇప్పుడు హ్వాసాంగ్ నగర పరిధిలో ఉన్నది. దారి పొడుగునా కర్మాగారాలు, గిడ్డంగులు, వాటి మధ్య వరిపొలాలు. గ్రామంలో మొదట కనిపించేవి 23 మందికి గుర్తుగా నిలిపిన రాళ్ళు. పక్కనే గుట్ట వాలులో పచ్చగడ్డి కప్పిన పెద్ద మట్టిదిబ్బ ఒకటి ఉన్నది. అది సమాధి. ఇప్పుడున్న మందిరం 2001లో కట్టినది. 1919 నాటి మందిరంలో ఒక్క గడ్డిపోచ కూడా మిగలలేదు. పాత కట్టడాలు చూడాలని వెళ్ళేవారికి ఇక్కడ చూడవలసినది ఏమీ లేదనే చెప్పాలి.

జేఆమ్‌రిలో మెథడిస్టు సంఘం 1905లో ఒక విశ్వాసి ఇంటిలో ప్రారంభమైనది. అదే సంవత్సరం జపాను కొరియాను తన రక్షిత రాజ్యంగా ప్రకటించుకున్నది. 1910లో పూర్తిగా కలిపేసుకున్నది. 1919 జనవరిలో మాజీ చక్రవర్తి గోజోంగ్ మరణించాడు. ఆయన అంత్యక్రియలకు జనం రాజధానికి తరలివస్తున్న సమయంలో, మార్చి 1న, 33 మంది సంతకాలతో స్వాతంత్ర్య ప్రకటన వెలువడినది. ఆ 33 మందిలో 16 మంది క్రైస్తవులు, 15 మంది చొందోగ్యో మతస్థులు, ఇద్దరు బౌద్ధులు. అప్పటికి కొరియా జనాభాలో క్రైస్తవులు నూటికి ఇద్దరికి మించరు. ఈ నిష్పత్తి ప్రక్కన పెట్టి చూస్తే 16 అనే సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది.

చొందోగ్యో గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన పాఠకులకు ఆ పేరు కొత్త. 1860లో చ్వే జేవూ అనే వ్యక్తి ప్రారంభించిన తోంగ్‌హాక్ అనే ఉద్యమం 1905లో ఈ పేరు పెట్టుకున్నది. తోంగ్‌హాక్ అంటే తూర్పు విద్య. పడమటి విద్యగా పిలువబడిన కాథలిక్ మతానికి ఎదురుగా పుట్టిన పేరు అది. అంటే పుట్టుకలో ఆ మతం మనకు పోటీ మతం. అయినా ఆ రెండు మతాలవారు 1919లో ఒకే కాగితం మీద సంతకం చేశారు.

మార్చి నెలాఖరుకు ఉద్యమం గ్రామాలకు ప్రాకినది. జేఆమ్‌రి పక్కనున్న బాలాన్ సంతలో జనం గుమిగూడి స్వాతంత్ర్య నినాదాలు చేశారు. వారిలో జేఆమ్‌రి మెథడిస్టులూ ఉన్నారు, చొందోగ్యోవారూ ఉన్నారు. ఇక్కడ ఒక విషయం దాచకూడదు. మార్చి 1 ప్రకటన శాంతియుతమైన మార్గాన్నే కోరినది. కాని ఏప్రిల్ 3న ఈ ప్రాంతంలోనే మరొక చోట, పోలీసులు కాల్పులు జరిపిన ఉద్రిక్తతలో, ఒక జపాను పోలీసును జనం చంపారు. ఆ తరువాత ప్రతీకారం మొదలైనది. సూచోన్‌రి గ్రామంలో మందిరాన్నీ ఇళ్ళనూ తగులబెట్టారు. కొరియావారంతా కేవలం ప్రార్థిస్తూ నిలబడ్డారని చెప్పడం వినడానికి బాగుంటుంది గాని అది చరిత్ర కాదు. ఒక పోలీసు మరణం ఆ తరువాత జరిగినదానికి సమర్థన కాదన్న మాట కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

1919 ఏప్రిల్ 15 మధ్యాహ్నం అరితా తోషియో అనే లెఫ్టినెంటు సైనికులతో జేఆమ్‌రికి వచ్చాడు. వారి వెంట వచ్చినవారిలో పోలీసులకు సహాయకుడిగా పనిచేసే కొరియా మనిషి కూడా ఒకడున్నాడు. ఒక సంగతి చెప్పాలి రమ్మని గ్రామంలోని వయోజనులైన పురుషులను, క్రైస్తవులనూ చొందోగ్యోవారినీ, మందిరంలోకి పిలిచారు. తలుపులు మూశారు. కాల్పులు జరిపి, తరువాత గడ్డి కప్పిన ఆ మందిరానికి నిప్పు పెట్టారు. భర్తల కోసం పరుగెత్తుకు వచ్చిన ఇద్దరు స్త్రీలను కూడా చంపారు. మొత్తం 23 మంది. గ్రామంలో ఇళ్ళు దాదాపు అన్నీ కాలిపోయాయి. సైనికులు అక్కడనుండి పక్కనున్న గోజూరికి వెళ్ళి చొందోగ్యో కుటుంబానికి చెందిన మరి ఆరుగురిని చంపారు.

ఈ సంగతి బయటికి రావడం దాదాపు యాదృచ్ఛికమే. మరునాడు, ఏప్రిల్ 16న, అమెరికా కాన్సులేటుకు చెందిన కర్టిస్, మిషనరీ అండర్‌వుడ్, విలేకరి ఆల్బర్ట్ టేలర్ కలిసి సూచోన్‌రిలో జరిగినది విచారించడానికి బయలుదేరారు. దారిలో పొగ చూసి జేఆమ్‌రికి మళ్ళారు. (ఈ టేలర్ దంపతులు 1923లో సియోల్‌లో కట్టుకున్న ఇంటికి లక్నోలోని భవనం పేరిట దిల్‌కుషా అని పేరు పెట్టుకున్నారు. హైదరాబాదువారికి ఆ పేరు పరిచయమే. ఆ ఇల్లు 2021 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది.) కొద్ది రోజులలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ వచ్చాడు. ఆయన కెనడానుండి వచ్చిన పశువైద్యుడు, సెవరెన్స్ వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించేవాడు. పోలియోవల్ల అవయవాలు బలహీనమైనవాడు. అయినా రైలులో సైకిలు వేసుకుని సువోన్ వరకు వచ్చి, అక్కడనుండి సైకిలు త్రొక్కుకుంటూ గ్రామం చేరి, ఫోటోలు తీశాడు, మిగిలినవారి మాటలు వ్రాసుకున్నాడు. ఆ ఫోటోలూ ఆ నివేదికా లేకపోతే ఈ రోజు మేము ఆ గుట్ట దగ్గర నిలబడి ఉండేవారము కాదేమో.

మిషనరీల వైఖరి మన అధ్యయనానికి ముఖ్యమైనది. అంతకుముందు చాలాకాలంగా మిషన్ల విధానం రాజకీయాలకు దూరంగా ఉండడమే. రోమా 13వ అధ్యాయం అందుకు ఆధారం. పరిపాలకులు జపానువారు, మిషనరీలు వారి అనుమతిమీద ఉన్నవారు. ఉద్యమాన్ని తామే రేపామన్న నింద కూడా వారిమీద ఉన్నది. అయితే కాలిన గ్రామాలు చూసిన తరువాత వారిలో అనేకులు, రాజకీయంలో తటస్థంగా ఉండవచ్చు గాని క్రూరత్వం ఎదుట తటస్థత చెల్లదు అన్న నిర్ణయానికి వచ్చారు. స్వాతంత్ర్యాన్ని బలపరచామని వారు అనలేదు. చూసినది చెప్పారు, అంతే. ఆ పరిమితిని కొందరు విమర్శిస్తారు. మాకు మాత్రం ఆ రోజుల్లో చూసినది చూసినట్టు చెప్పడమే పెద్ద పనిగా కనిపిస్తున్నది.

ఎందుకంటే ఎదుటి పక్షం ఏమి నిర్ణయించుకున్నదో ఇప్పుడు మనకు తెలుసు. కొరియాలోని జపాను సైన్యానికి అధిపతియైన ఉత్సునోమియా తారో దినచర్య పుస్తకం 2007లో వెలుగులోకి వచ్చినది. నిజం ఒప్పుకుంటే సామ్రాజ్యానికి నష్టమని, అందుచేత గ్రామస్థులు ఎదురుతిరిగారు గనుక చంపవలసి వచ్చినదని చెప్పాలని, హత్యాకాండను నిరాకరించాలని తమ అధికారులు నిర్ణయించిన సంగతి ఆయన స్వయంగా వ్రాసుకున్నాడు. అరితాకు 30 రోజుల నిర్బంధం చాలునని అనుకున్నారు. తరువాత సైనిక న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టినది.

ఆ తేదీలు చూస్తున్నప్పుడు మాలో ప్రతివారికీ ఒకే ఆలోచన వచ్చినది. జేఆమ్‌రి ఏప్రిల్ 15. జలియన్‌వాలాబాగ్ అదే సంవత్సరం ఏప్రిల్ 13. రెండు రోజుల తేడా. అయితే భారత సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు అమృత్‌సర్ మన సంఘాల కథలో ఎక్కడ వస్తుంది? కొరియాలో పాలకుడు జపానువాడు, సువార్త తెచ్చినవాడు అమెరికావాడో కెనడావాడో. అందువలన కొరియా యువకుడికి బైబిలు పట్టుకోవడం పాలకుని చేయి పట్టుకోవడంలా కనిపించలేదు. నిజానికి ఆంధ్రలో కూడా నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టు మిషన్లు, గుంటూరు లూథరను మిషను అమెరికావే. కాని గ్రామస్థుల కన్నులకు కలెక్టరూ దొరే, మిషనరీ కూడా దొరే. ఇంకొక కారణం మరింత లోతైనది. మాల మాదిగ పల్లెలనుండి వచ్చిన మన పితరులకు నిత్యం మెడమీద ఉన్న కాడి లండనుది కాదు, ఊరి భూస్వామిది. వారు జెండా పట్టుకోలేదని నిందించేముందు ఈ సంగతి ఆలోచించాలి. కొరియా కథను తీసుకువచ్చి మన పితరులమీద కొలబద్దగా పెట్టే ప్రసంగాలు మాకు నచ్చవు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. జేఆమ్‌రిలో చనిపోయినవారు హతసాక్షులా? క్రైస్తవ పుస్తకాలలో ఈ సంఘటన సాధారణంగా మందిరంలో ఆరాధిస్తున్న విశ్వాసులను తగులబెట్టిన కథగా కనిపిస్తుంది. మనవారు కూడా అలాగే ప్రసంగిస్తారు. కాని ఏప్రిల్ 15 మంగళవారం. వారు ఆరాధనకు రాలేదు, పిలిపించబడ్డారు. క్రీస్తును నిరాకరించమని వారిని ఎవరూ అడగలేదు. అంతేకాక, మందిరంలో చనిపోయినవారంతా క్రైస్తవులు కారు. చొందోగ్యోవారు కూడా అదే కప్పు క్రింద, అదే నిప్పులో పోయారు. వారిని మన లెక్కలో కలుపుకోవడం అన్యాయం, మన కథనుండి తీసివేయడం మరింత అన్యాయం. ఒక మతస్థులు తమ విశ్వాసం కోసం చనిపోయారని కాక, రెండు మతాల పొరుగువారు తమ దేశం కోసం కలిసి నిలబడి కలిసి చనిపోయారని చెప్పితే కథ చిన్నదవుతుందా? అలా అనుకునేవారు ఉన్నారు. మాలోనే ఒకరు, అలా చెప్పితే ప్రసంగానికి బలం తగ్గుతుందని అక్కడే వాదించారు. ఆ వాదన తిరుగు ప్రయాణంలో రైలులో కూడా సాగినది.

రెండవ ప్రశ్న క్షమాపణ గురించినది. 1919లోనే జపానులో సైతో తకేషి అనే క్రైస్తవ పండితుడు ఒక క్రైస్తవ పత్రికలో ఈ హత్యాకాండను గూర్చి పద్యం వ్రాశాడు. కాని జపాను సంఘాలు మొత్తం మీద మౌనంగానే ఉన్నాయి. 1960లలో ఓయామా రేయిజి అనే జపాను పాస్టరు, మరికొందరు విశ్వాసులు, ఆ పాపాన్ని ఒప్పుకొని మందిరం తిరిగి కట్టించాలని తమ దేశంలో కానుకలు పోగుచేశారు. కోటి యెన్‌లు సమకూడాయి. అయితే జేఆమ్‌రిలో మృతుల కుటుంబాలవారిలో కొందరు వద్దన్నారు. చంపినవారి డబ్బుతో మందిరమా అన్నది వారి బాధ. చివరకు 1970లో మందిరమూ, మృతుల కుటుంబాల కోసం ఒక భవనమూ పూర్తయ్యాయి.

ఈ కథలో మన ప్రసంగీకులు సాధారణంగా ఓయామాను మాత్రమే చూస్తారు. ఆయన చేసినది గొప్ప పనే. 2019 ఫిబ్రవరిలో, తొంభై రెండేళ్ళ వయసులో, మరికొందరు జపాను విశ్వాసులతో కలిసి మరల జేఆమ్‌రికి వచ్చి మోకరించి సాగిలపడి క్షమించమని వేడుకున్నాడు. అంటే ఒకసారి కట్టి ఇచ్చినదానితో లెక్క తీరిపోయిందని ఆయన అనుకోలేదు. అయితే మొదట వద్దన్న ఆ కుటుంబాలవారి మాట కూడా సంఘ చరిత్రలో ఉండాలి. క్షమించమని అడిగే హక్కు పాపం చేసినవానికి ఉన్నది. ఎప్పుడు క్షమించాలో నిర్ణయించే హక్కు అతనికి లేదు, మధ్యలో నిలబడిన పాస్టరుకు కూడా లేదు. మన సంఘాలలో కొట్టిన భర్తను, దోచిన పెద్దను క్షమించమని బాధితులను తొందరపెట్టినప్పుడు మనం చేసేది ఏమిటో ఆలోచించుకోవాలి. జపానువారి కానుకతో కట్టిన ఆ మందిరం ఇప్పుడు లేదు. దానిని తీసివేసి 2001లో ప్రస్తుత మందిరం కట్టారు. 2024 ఏప్రిల్‌లో అక్కడ స్వాతంత్ర్య పోరాట స్మారక ప్రదర్శనశాల కొత్తగా తెరిచారు.

ఆ దినం భర్తను కోల్పోయిన జొన్ దోంగ్‌రే అనే యువతి తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా బ్రతికినది. బూడిదలోనుండి ఏరిన ఎముకలను ఎక్కడ పాతిపెట్టారో ఆమెకు జ్ఞాపకమున్నది. 1982లో ఆమె చూపించిన చోట త్రవ్వగా ఎముకలు దొరికాయి. ఎవరివి ఎవరివో, ఏవి క్రైస్తవునివో ఏవి చొందోగ్యో మనిషివో వేరుచేయడానికి వీలులేకపోయినది. అన్నిటినీ కలిపి మందిరం ప్రక్కన గుట్ట వాలులో ఒకే సమాధిలో ఉంచారు. గోజూరివారి ఆరుగురి సమాధులు అక్కడ లేవు. మేము వెళ్ళిన రోజున ఆ దిబ్బమీద గడ్డి అప్పుడే కోసినట్టున్నది.