బుధవారం రాత్రి ఎనిమిది గంటలు

మా ఆదోనిలో అబ్బా, ఆయన దోస్తులు ఏడెనిమిది మంది కలిసి ఒక రేడియో శ్రోతా సంఘ్ పెట్టుకున్నారు. దానికి దఫ్తర్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. చాయ్ హోటల్ వెనక ఒక బెంచీ, ఒక రబ్బరు ముద్ర, పోస్టుకార్డుల కట్ట. అంతే వాళ్ళ కాయినాత్. పత్తి మార్కెట్ గుమాస్తా ఒకాయన, జిన్నింగ్ మిల్లు ఫిట్టర్ ఒకాయన, ఒక దర్జీ, ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చే మగ్గం నేసే అన్న. బుధవారం రాత్రి ఎనిమిదికి ముందే అందరూ హాజరు. అమీన్ సయానీ ఆవాజ్ రాగానే గ్లాసులు కడిగే పిల్లాడు కూడా చేతులు ఆపేసేవాడు.

ఇలాంటి సంఘాలు ఎందుకు పుట్టాయో, ఎందుకు పోయాయో చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. టీవీ వచ్చి చంపేసిందని అందరూ అంటారు. నాకు పూర్తిగా కబూల్ కాదు.

1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యాడు. ఆయనకి శాస్త్రీయ సంగీతం మీద ఎంత మొహబ్బతో, ఫిల్మీ గానాల మీద అంత నఫ్రత్. ఆకాశవాణిలో సినిమా పాటల వేళలు కోసేశారు. పాట వేసినా సినిమా పేరు చెప్పలేదు, అది ముఫ్త్ ప్రచారం అవుతుందని. నిర్మాతలు అలిగి హక్కులు వెనక్కి తీసుకున్నారు. హార్మోనియం కథ ఇంకా పాతది. దాన్ని 1940లోనే ఆకాశవాణి గుమ్మం బయట నిలబెట్టారు, 1971లో గాని ఆ తలుపు కాస్త తెరుచుకోలేదు. ఉర్సులో హార్మోనియం పెట్టె లేకుండా కవ్వాలీ ఊహించలేని మా బోటి ఊళ్ళకి అదొక అజీబ్ ఫర్మానా.

హుకూమత్ వద్దన్న గానా సముద్రం దాటి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ తర్వాత రేడియో సిలోన్ చేతికొచ్చింది. 1952 డిసెంబరు 3న, బుధవారం, బినాకా గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో వెళ్ళేవి, అక్కణ్ణించి మళ్ళీ మన ఇళ్ళకి. అప్పటికి ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రలో కలిసేదాకా మేము ఎవరి వాళ్ళమో తేలని రోజులు. "ఊరు ఏ రాష్ట్రమో తెలీదు గానీ కొలంబో మాత్రం సాఫ్‌గా వినొస్తుండె" అనేవాడు మా దాదా.

మొదట్లో ఏడు పాటలు వేసేవాళ్ళు. వాటి వరుస సరిగ్గా పేర్చి రాసినవాళ్ళకి 100 రూపాయల ఇనామ్. మొదటి ప్రోగ్రామ్‌కే 9,000 ఉత్తరాలొచ్చాయని, పెరిగి పెరిగి వారానికి 65,000 అయ్యాయని సయానీ చెప్పేవాడు. 1954 చివర్లో ఇనామ్ తీసేసి, ఏ పాట ఏ పాయ్‌దాన్ మీద ఉందో లెక్కగట్టడం మొదలెట్టారు. రికార్డుల అమ్మకాలొక్కటే కాదు, శ్రోతా సంఘాల పసంద్ కూడా ఆ లెక్కలోకి వచ్చేది. ఆదోనిలో చాయ్ తాగుతూ పడిన బహస్‌కి బొంబాయిలో విలువుందన్నమాట. ఆ ఒక్క ఏర్పాటు లేకపోతే మా వాళ్ళ సంఘం ఆరు నెలలు కూడా బతికేది కాదు.

ఎందుకంటే 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి వచ్చింది. సర్కారు రేడియోలోనే ఫిల్మీ పాటలు, ఆవాజ్ కూడా మెరుగు. లెక్క ప్రకారం సిలోన్ మూతపడాలి. పడలేదు. పాట కోసం మాత్రమే వినేవాళ్ళయితే వెళ్ళిపోయేవాళ్ళే. పాట మీద జిద్దు, పేరు వినబడే ఆశ, వచ్చే బుధవారానికి ఒకరినొకరు ఓడించాలన్న తహతహ. వీటికి ప్రత్యామ్నాయం అప్పటికి లేదు. మా దర్జీ చాచాకి, ఫిట్టర్ మామూకి ఒక పాయ్‌దాన్ గురించి మూడు వారాలు మాటల్లేవు. అయినా ఇద్దరూ అదే బెంచీ మీద, చెరో చివర కూర్చునేవాళ్ళు.

ఇంకోటి జబాన్. సయానీ అమ్మ కుల్సూమ్ సయానీ గాంధీజీ మాట మీద 'రహబర్' పత్రిక నడిపింది. ఒకే సులువైన హిందుస్తానీ, నాగరి, ఉర్దూ, గుజరాతీ లిపుల్లో. కొడుకు నోట పలికింది ఆ భాషే. ఉర్దూ మీడియంలో చదివిన నాకూ, తెలుగు తప్ప రాని ఎమ్మిగనూరు అన్నకీ అది సగం సగం అర్థమయ్యేది, ఎవరికీ పరాయిగా లేదు. అన్నకి మాత్రం సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటల ప్రోగ్రామంటే ప్రాణం. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు వాళ్ళది. చేతులూ కాళ్ళూ మగ్గంలో బిజీగా ఉంటాయి, చెవులే ఖాళీ అనేవాడు.

ఇక నా వంతు. 1988లో నాకు పన్నెండేళ్ళు. నా ఖత్ బాగుంటుందని కార్డులు నాతో రాయించేవాళ్ళు. ఒక నెల కార్డుల పైసలు మిగుల్చుకుని, రికార్డింగ్ షాపులో చీటీ రాసిచ్చి, 60 కాసెట్‌లో మా వాళ్ళ పసంద్ పాటలన్నీ నింపించాను. అబ్బా టేప్‌రికార్డర్‌లో వేశాను. అందరూ వాహ్ వాహ్ అన్నారు. ఆ కాసెట్ ఇంటింటికీ తిరిగింది. రెండో వారం ఇద్దరు రాలేదు. పండగ తర్వాత బెంచీ మీద ముగ్గురే. పాట ఇంట్లోనే, ఎప్పుడంటే అప్పుడు పాడుతుంటే బుధవారం దాకా ఎవరు ఆగుతారు? ఎవరితో గొడవ పడతారు? 1989లో గీత్‌మాలా వివిధ్ భారతికి వచ్చింది, 1994 దాకా నడిచింది. మా బెంచీ అంతకు ముందే ఖాళీ.

సొంతానికి దొరికితే షౌక్ తగ్గదు, నిజానికి పెరిగింది. ఫిట్టర్ మామూ ఇంట్లో పెట్టెనిండా కాసెట్లుండేవి. తగ్గింది ఒకరి మీద ఒకరి మొహతాజీ.

2024 ఫిబ్రవరి 20న సయానీ సాబ్ ఇంతెకాల్ అయ్యాడు. పేపర్‌కి నాలుగు ముక్కలు రాద్దామని ఎమ్మిగనూరు వెళ్ళాను. అన్నకి చెవులు సరిగా వినబడటం లేదు. పక్కన కూర్చుని, గట్టిగా, ఆ కార్డుల పైసల సంగతి చెప్పేశాను. ముప్పై ఆరేళ్ళ తర్వాత.

"తెలుసులే రా" అన్నాడు. "మీ నాయనకీ తెలుసు. టేపు మాత్రం బాగుండె అన్నాడు."